ఏ రోజు మాత్ర ఆ రోజే

దగ్గు పట్టుకున్న మొదటి నెల నేను దేవుణ్ని అడగలేదు, డాక్టర్నీ అడగలేదు. మెడికల్ షాపులో అడిగాను. ఒక సిరప్పు, ఐదు రోజుల యాంటీబయాటిక్, అది పనిచేయకపోతే ఇంకోటి. ఆ రెండోది లీవోఫ్లాక్సాసిన్. నాకున్నది టీబీ, అంటే క్షయ అని అప్పటికి తెలియదు. ఈ జాతి మందులు టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తాయి, ప్రమాదమంతా అక్కడే. తగ్గినట్టే ఉంటుంది, పరీక్ష వెనక్కి పోతుంది. ఆ ఒక్క మందుకే క్రిమి అలవాటు పడిందంటే, మామూలు మందులకు లొంగని మొండి టీబీకి దాచుకోవాల్సిన ఆయుధం ముందే మొద్దుబారుతుంది. నాకు పది రోజులు తగ్గింది. ఆ తర్వాత సాయంత్రమైతే సన్నజ్వరం, తెల్లవారుజామున దిండు తడిసేంత చెమట. రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను.

‘స్వబుద్ధిని ఆధారము చేసికొనక’ అన్న బైబిలు సామెతల గ్రంథంలోని మాట నాకు సండే స్కూలు నాటి నుంచీ కంఠతా వచ్చు. స్వబుద్ధి అంటే గర్వమనుకునేదాన్ని. జబ్బు చేసినప్పుడు అది ‘నా ఒళ్లు నాకు తెలియదా’ అంటూ చాలా మామూలుగా వస్తుంది.

రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. రెండు నమూనాలు ఇవ్వాలి: ఒకటి వెళ్లిన రోజు అక్కడే, ఇంకోటి మర్నాడు నిద్ర లేవగానే. ఎక్కువమంది ఉమ్మి ఇచ్చి వస్తారు, అది పనికిరాదు. నీళ్లతో నోరు పుక్కిలించి, ఆరుబయట నిలబడి, రెండు మూడుసార్లు గుండెల నిండా గాలి పీల్చి, లోపలి నుంచి దగ్గి తీయాలి. చిక్కగా, జిగురుగా ఉన్నదే తెమడ. సీబీనాట్ యంత్రం టీబీ ఉందో లేదో, టీబీకి ఇచ్చే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో రెండు గంటల్లో చెబుతుంది. నాది లొంగే రకమే.

అప్పుడు నా బరువు 46 కిలోలు. మాత్రల లెక్క బరువును బట్టే: 35 నుంచి 49 కిలోల వాళ్లకు రోజుకు మూడు, 50 నుంచి 64 అయితే నాలుగు. మొదటి రెండు నెలలు ఒక్కో మాత్రలో నాలుగు మందులుంటాయి: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ లేకుండా మిగతా మూడు. 28 రోజుల లెక్కన ముందు 56 మోతాదులు, తర్వాత 112, మొత్తం 168. మూడు మాత్రలూ ఒకేసారి, పరగడుపున వేసుకుని గంట తర్వాత టిఫిన్ తినాలి. అన్నం మీద వేసుకుంటే రిఫాంపిసిన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. కడుపులో మంటగా ఉందని గ్యాస్ మందు కలిపి తాగితే ఐసోనియాజిడ్ కూడా సరిగా పట్టదు. అస్సలు ఇమడకపోతే డాక్టరుకు చెప్పి కొంచెం తిని వేసుకోవచ్చు. మానేయడం కంటే అది నయం.

మొదటి రోజే మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. అది రిఫాంపిసిన్ రంగు, భయపడక్కర్లేదు. మొదటి రెండు నెలల్లో కీళ్ల నొప్పులు వస్తే పైరజినమైడ్ వల్ల కావచ్చు. అరికాళ్లు మండినా, తిమ్మిరెక్కినా ఐసోనియాజిడ్ ప్రభావం, అందుకే పక్కన బీ6 మాత్ర ఇస్తారు. గర్భం రాకుండా మాత్రలు వాడే స్త్రీలకు ఒక మాట: రిఫాంపిసిన్ వాటి పని తగ్గిస్తుంది, వేరే పద్ధతి అడిగి తీసుకోండి. ఈ మాట ఎవరూ తమంతట తాము చెప్పరు. చూపు మసకబారినా, ఎరుపు పచ్చ రంగుల తేడా తెలియకపోయినా, కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా తర్వాతి మోతాదు కోసం చూడకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కామెర్లని పసరు పోయించుకోవడానికి పరిగెత్తకూడదు. అక్కడ దెబ్బ తిన్నది లివరు, ఏ మందు ఆపాలో, మళ్లీ ఏది ముందు మొదలుపెట్టాలో రక్తపరీక్ష చూసి డాక్టరే తేల్చాలి.

అసలు పరీక్ష మూడో వారంలో వచ్చింది. దగ్గు పోయింది, జ్వరం పోయింది, ఆకలి పుట్టింది. వేగంగా పెరిగే క్రిములు మొదటి కొద్ది రోజుల్లోనే ఎక్కువగా చస్తాయి, ఆ హాయి దానిదే. మందకొడిగా, నిద్రపోతున్నట్టుండే క్రిములు మిగిలి ఉంటాయి. అవి మళ్లీ లేవకుండా తుడిచిపెట్టడానికే మిగతా నెలలు. ఒంట్లో ఏ బాధా లేనప్పుడు అవి ఉన్నాయని ఒళ్లు చెప్పదు. నా ఒళ్లు ‘బాగైంది’ అంటోంది, మాత్రల లెక్కలో ఇంకా 147 మోతాదులు మిగిలాయి. ఎవరి మాట వినాలి?

అదే సమయానికి ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం మొదలైంది. ఏటా నలభై రోజులూ పగలు ఉపవాసం చేసేదాన్ని. ఒకరు ప్రార్థన నూనె తెచ్చిచ్చి, ‘విశ్వాసముంటే మాత్రలెందుకమ్మా’ అన్నారు. ప్రేమతోనే అన్నారు. నాకు బైబిలు రాజులు రెండో గ్రంథంలోని కుష్ఠు సోకిన సైన్యాధిపతి నయమాను గుర్తొచ్చాడు. ప్రవక్త బయటికొచ్చి చెయ్యి ఆడించి బాగుచేస్తాడనుకున్నాడు ఆయన. యొర్దానులో ఏడుసార్లు మునగమంటే కోపమొచ్చింది, మా దమస్కు నదులు తక్కువా అన్నాడు. నచ్చజెప్పింది ఆయన పనివాళ్లు. ఆరో మునక తర్వాత చర్మం ఎలా ఉందో వాక్యంలో లేదు. ఏడన్నారు, ఏడు మునిగాడు. నాకు 168 అన్నారు. చెప్పిన ఆరోగ్య కార్యకర్త ఆశా అక్క ప్రవక్త కాదు, కానీ నయమానుకు దారి చూపించిన పనివాళ్లూ ప్రవక్తలు కాదు కదా!

ఆ సంవత్సరం ఉపవాసం మానుకున్నాను. క్షయ ఒంటిని కరిగించే జబ్బు, ఖాళీ కడుపు దానికి సాయం చేస్తుంది. రోజూ రెండు గుడ్లు, గుప్పెడు వేరుశనగపప్పు, గట్టి కందిపప్పు, పెరుగు. క్షయ రోగుల తిండికి ప్రభుత్వమిచ్చే నిక్షయ్ పోషణ్ కింద నెలకు 500 ఉన్న సాయం 2024 నవంబరు నుంచి 1000 రూపాయలైంది, బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. పేరు నమోదైందో లేదో, ఖాతా నంబరు సరిగా ఎక్కిందో లేదో మొదటి వారంలోనే చూసుకోవాలి.

ఉపవాసం స్థానంలో నాకు మన్నా, అంటే దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారం కథ, దొరికింది. అరణ్యంలో ఇశ్రాయేలీయులు ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, మర్నాటికి దాచింది పురుగులు పట్టి కంపు కొట్టింది. మాత్రా అంతే. నిన్నటిది ఇవాళ్టికి చెల్లదు, రేపటిది ఇవాళ మింగి నిశ్చింతగా ఉండలేం. ఉదయం ఆరింటికి గ్లాసు నీళ్లు, మూడు మాత్రలు, ఆ గంట ఆకలిలో బైబిలు వాక్యం. ఒక రోజు తప్పిపోతే మర్నాడు రెట్టింపు వేసుకోకూడదు, ఆశా అక్కకు చెప్పాలి, తప్పినవి చివర్లో కలుపుతారు. ప్రయాణానికి రెండు రోజుల మాత్రలు ఎక్కువే పెట్టుకోవాలి.

సంఘం సంగతి కూడా చెప్పాలి. క్షయ గాలిలో వ్యాపిస్తుంది, ఆరాధనలో అందరూ పంచుకునే ప్రభువు బల్ల గిన్నె వల్లో, కంచం వల్లో కాదు. మందులు మొదలుపెట్టాక మొదటి రెండు వారాలు ఆరాధనకు వెళ్లలేదు, తర్వాత మాస్కుతో కిటికీ పక్కన కూర్చున్నాను. ఏసీ కోసం కిటికీలు బిగించే మందిరాలు ఈ విషయం ఆలోచించాలి. ఇంట్లోవాళ్లందరికీ ఎక్స్‌రే తీయించాం. ఐదేళ్లలోపు పిల్లలకు జబ్బు లేదని తేలాక, అది రాకుండా మందు ఇస్తారు, దాన్ని వద్దనకండి.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషనరీల క్షయ శానిటోరియం 1915లో మొదలైంది. అప్పటికి క్షయకు మందే లేదు. విశ్రాంతి, గాలి, తిండి, ప్రార్థన, అంతే. తర్వాత మద్రాసులో చేసి 1959లో వెలువరించిన పరిశోధన, మందులు సక్రమంగా వాడితే ఇంట్లోనూ శానిటోరియంతో సమానంగా నయమవుతుందని చూపింది. ఆరోగ్యవరం మంచాల మీద మందు కోసం మొరపెట్టినవాళ్లు ఎంతమందో! వాళ్లు అడిగింది నా చేతిలో మాత్రల పట్టీగా ఉంది. దాన్ని సగంలో పారేసి ఇంకేదో అద్భుతం అడగడానికి నాకు నోరు రాలేదు.

రెండో నెల చివర తెమడలో క్రిమి లేదు, బరువు 49. ఆరో నెల చివర మళ్లీ లేదు, 52. మందులు అయ్యాక కూడా రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి చూపించుకోవాలి, తిరగబెడితే తొందరగా దొరుకుతుంది. మొదటిది అయింది. రెండోదాని తేదీ బైబిలు అట్ట లోపల రాసిపెట్టుకున్నాను, ఒంట్లో బాగానే ఉంది, అయినా వెళ్తాను.