ఆ సోమవారం రెండు గెలుపులు

మా ఆఫీసులో కింద డెస్క్ దగ్గర కూర్చునే సెక్యూరిటీ పెద్దాయనకి అరవై దాటాయి. 2023 సెప్టెంబరు 11, సోమవారం పొద్దున నేను లోపలికి అడుగు పెట్టగానే బ్యాడ్జి కూడా అడక్కుండా లేచి నిలబడ్డాడు. కుడి చేతి నాలుగు వేళ్లు ఎత్తి, ఎడమ చేత్తో సున్నా చుట్టి చూపించాడు. నలభై, సున్నా!

ముందు రోజు రాత్రి మా ఊళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్, సీజన్ మొదటి మ్యాచ్‌లోనే న్యూయార్క్ జెయింట్స్‌ని వాళ్ల సొంత మైదానంలో, న్యూజెర్సీలో, 40–0తో మట్టి కరిపించారు.

నేనుండేది టెక్సస్‌లో, డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో, వ్యాలీ రాంచ్‌లో. మా దగ్గర ఒక రోడ్డు పేరే కౌబాయ్స్ పార్క్‌వే. 2016లో ఫ్రిస్కోకి మారేదాకా ఆ జట్టు ఆఫీసు, ప్రాక్టీసు అన్నీ ఇక్కడే. అయినా వచ్చిన మూడేళ్లలో వాళ్ల ఆట ఒక్కటీ చూడలేదు. సోమవారం పొద్దున కాఫీ మెషీన్ దగ్గర అందరూ మ్యాచ్ గురించి మాట్లాడుకుంటుంటే కప్పు నింపుకుని నా సీట్లోకి వచ్చేసేవాణ్ణి. పని గురించైతే గంటసేపు మాట్లాడగలను. ఆ పది నిమిషాలు మాత్రం చాలా ఒంటరిగా ఉండేది.

ఆదివారం టీవీ పెట్టానంటే కారణం పెద్దాయనే. శుక్రవారం ఇంటికి బయల్దేరుతుంటే ఆపి, "మన కొత్త కిక్కర్ నీలాగే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, తెలుసా బాబూ?" అన్నాడు. కిక్కర్ అంటే పాయింట్ల కోసం బంతి తన్నే ఆటగాడు. పేరు బ్రాండన్ ఆబ్రీ. పక్కనున్న ప్లానోలో పెరిగిన కుర్రాడు. సాకర్ ఆడేవాడు. అది ముందుకు సాగక కోడింగ్ ఉద్యోగంలో చేరాడు. మళ్లీ బంతి తన్నడం మొదలుపెట్టి 28 ఏళ్ల వయసులో కౌబాయ్స్‌కి వచ్చాడు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాల్సిన వీసా మీద ఉన్నవాణ్ణి నేను. అలా వదిలేసి వెళ్లడం ఎంత పెద్ద విషయమో నాకు వెంటనే తెలిసింది.

న్యూజెర్సీలో వాన. జెయింట్స్ మొదటి దాడిలోనే దగ్గరిదాకా వచ్చేసి ఫీల్డ్ గోల్‌కి, అంటే గోల్ స్తంభాల మధ్య నుంచి వెళ్లేలా, బంతిని తన్నారు. మనవాళ్లు దాన్ని అడ్డుకున్నారు. ఆ బంతి అందుకున్న నోవా ఇగ్బినోగెనె 58 గజాలు పరిగెత్తి చివరి గీత దాటి టచ్‌డౌన్ చేసేశాడు. ఆరు పాయింట్లు. దాని వెనకాల వచ్చే ఒక్క పాయింటు కోసం ఆబ్రీ వచ్చాడు. ఆ సీజన్‌లో పాయింటు కోసం అతను తన్నిన మొట్టమొదటి కిక్ అది. పోయింది. ఎవరో నా గుండె పట్టుకున్నట్టయింది. కాసేపటికి మళ్లీ అతన్నే పంపారు. ఈసారి మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్, నేరుగా కొట్టాడు. సోఫాలోంచి లేచి అరిచాను.

ఆ తర్వాత ఆపినవాళ్లు లేరు. సగం ఆటకే 26–0. జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే బంతి విసిరే ఆటగాణ్ణి, ఏడుసార్లు నేలకేసి పట్టారు. కూతకొచ్చినవాడి మీద నలుగురూ ఒక్కసారి పడతారే, అచ్చం అలాగే. కబడ్డీ తెలిసినవాడికి ఈ ఆట అర్థం కాకపోవడం ఉండదని ఆ రాత్రి అనిపించింది.

సోమవారం నేనూ కాఫీ మెషీన్ దగ్గర ఆగాను. ఆబ్రీ మొదటి కిక్ సంగతి నేనే ఎత్తాను. మేనేజరు కూడా కప్పు పట్టుకుని నిలబడి విన్నాడు.

పెద్దాయన మాత్రం సంబరాన్ని కాస్త అదుపులోనే పెట్టుకున్నాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో ఇక్కడి టెక్సస్ స్టేడియంకి వెళ్లేవాడట. దాని పైకప్పు మధ్యలో ఖాళీ ఉండేది. దేవుడు తన జట్టు ఆట చూసుకోవడానికే అలా వదిలారని ఇక్కడివాళ్ల మాట. 2010లో ఆ స్టేడియాన్ని కూల్చేశారు. కౌబాయ్స్ చివరిసారి సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచింది 1996 జనవరిలో. "సెప్టెంబరులో బాగానే ఆడతాం. జనవరిలో నాకౌట్ మ్యాచ్‌లు రానీ" అన్నాడు.

అదే రోజు మనకీ మ్యాచ్ ఉంది. కొలంబోలో పాకిస్తాన్‌తో ఆసియా కప్ మ్యాచ్ ఆదివారం వానకి ఆగి, సోమవారానికి వాయిదా పడింది. కోహ్లీ 122, రాహుల్ 111, ఇద్దరూ నాటౌట్. లంచ్ టైముకి మా తెలుగువాళ్లం ఏడుగురం ఒక ఫోన్ చుట్టూ మూగాం. కుల్దీప్ ఒక్కో వికెట్ తీస్తుంటే గోల గోల. ఏమైందోనని పెద్దాయన పరిగెత్తుకొచ్చాడు. కూర్చోబెట్టి చెప్పాను. 228 పరుగుల తేడా అంటే ఎంత అని అడిగాడు. "రాత్రి మీవాళ్లు కొట్టినంత" అన్నాను. నా భుజం మీద గట్టిగా చరిచాడు.

ప్రపంచ కప్‌లో వరుసగా పది గెలిచిన మనవాళ్లు నవంబరులో అహ్మదాబాద్ ఫైనల్లో ఓడిపోయారు. మర్నాడు నేను తల దించుకుని వెళుతుంటే పెద్దాయన బయటికొచ్చి లిఫ్ట్ దాకా నాతో నడిచాడు. ఏమీ అనలేదు.

ఆబ్రీ ఆ సీజన్‌లో కెరీర్ మొదటి ఫీల్డ్ గోల్ నుంచి వరుసగా 35 కొట్టి రికార్డు సృష్టించాడు. జట్టు 12 మ్యాచ్‌లు గెలిచింది. జనవరి 14, మనకి భోగి. నాకౌట్ మొదటి మ్యాచ్‌లోనే, ఆర్లింగ్టన్‌లో సొంత జనం ముందే గ్రీన్ బే ప్యాకర్స్ చేతిలో 48–32తో కౌబాయ్స్ ఇంటిదారి పట్టారు. సోమవారం సెలవు. మంగళవారం వెళ్లేసరికి ఎప్పుడూ ఉండే కౌబాయ్స్ నక్షత్రం గుర్తు టోపీ పెద్దాయన నెత్తిన లేదు. సంక్రాంతికి ఇంట్లో చేసిన అరిసెల డబ్బా తెరిచి ఆయన ముందు పెట్టాను. ఒకటి తీసుకుని, రెండుగా తుంచి, పెద్ద ముక్క నాకిచ్చాడు. డెస్క్ దగ్గర నిలబడే ఇద్దరం తిన్నాం.