పెళ్ళికి రాలేనివాళ్ళ దగ్గరికి మేమే వెళ్ళాం

నిశ్చితార్థమయ్యాక మా ఇద్దరికీ ఒకటే బెంగ పట్టుకుంది. మా నానమ్మ ఇప్పుడు ప్రయాణం చేసే స్థితిలో లేదు. నాకు కాబోయే భర్త వాళ్ళ అక్కకి నెలల పిల్ల. ఇలాంటివాళ్ళు రెండు వైపులా ఇంకా ఉన్నారు. పెళ్ళిలో కలుద్దాంలే అని ఊరుకుంటే వీళ్ళల్లో సగంమంది మమ్మల్ని పక్కపక్కన చూడనే చూడరు. అయినా పెళ్ళి హడావుడిలో ఎవరితో నిమ్మళంగా నాలుగు మాటలు మాట్లాడగలం? అందుకే ఇద్దరికీ వేసవి సెలవులు కలిసిరాగానే, కారులో బయల్దేరి ఒక్కొక్క ఇల్లే చుట్టి వద్దామనుకున్నాం.

ముందు ఎవరింటికి అన్న దగ్గరే చాలాసేపు ఆగిపోయాం. చివరికి దూరాన్ని పక్కనపెట్టి మనుషుల్ని బట్టి వరుస వేసుకున్నాం. ఒక వైపువాళ్ళందరినీ ముగించి రెండోవైపు వెళ్తే, అన్నాళ్ళూ ఒకరు సొంతమనిషి, ఒకరు కొత్తమనిషి అయిపోతారు. కాబట్టి ఒక ఇల్లు తనది, తర్వాతి ఇల్లు నాది. దారి పెరిగింది, పెట్రోలు ఖర్చూ పెరిగింది. ఆ ఖర్చు గురించి నాకు ఈరోజుకీ బాధ లేదు. ఎప్పుడు వస్తామో చెప్పినట్టే, ఎప్పుడు బయల్దేరతామో కూడా ఫోనులో ముందే చెప్పేశాం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, వెళ్ళేటప్పుడు ఎవరి ముఖమూ చిన్నబోకుండా ఉన్నది దీనివల్లే.

ఇంకొకటి, అందరూ అడిగే ప్రశ్నలు. కాపురం ఎక్కడ పెడతారు, నేను ఉద్యోగం మారతానా, అత్తగారూ మావగారూ మాతోనే ఉంటారా. వీటికి జవాబులు మేము కారులోనే మాట్లాడుకున్నాం. తేల్చుకున్నవి తేల్చుకున్నట్టు, తేలనివి తేలలేదని చెప్పాలి. ఒక ఇంట్లో ఒకలా, ఇంకో ఇంట్లో ఇంకోలా చెప్పకూడదు. మా పిన్ని అడగనే అడిగింది: "అయితే బాబూ, కాపురం ఎక్కడ?" తను తడుముకోకుండా, "ఇంకా అనుకోలేదు అత్తయ్యగారూ, అనుకోగానే మీకు చెప్తాం" అన్నాడు. పిన్ని నావైపు చూసింది, నేనూ అదే అన్నాను. ఆ మాట అక్కడితో ఆగింది.

నాకు అన్నిటికంటే భయంగా ఉన్నది వాళ్ళ నాన్నగారింటికి వెళ్ళడం. ఆయన మాట్లాడరని తను ముందే చెప్పాడు. నిజమే, మొదటిరోజంతా "కూర్చోమ్మా" తప్ప ఇంకో మాట లేదు. మర్నాడు తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చి బయటికి వస్తే, ఆయన టార్చిలైటు పట్టుకుని మా కారు ముందు చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. పక్కనే గాలి కొలిచే గేజీ. నేను వెళ్ళి నిలబడ్డాను. ఆయన తల ఎత్తకుండానే మొదలుపెట్టారు. గాలి ఇలా బండి కదలకముందే చూడాలట. నడిచాక టైరు వేడెక్కి అసలుకంటే ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే అంచున అంటించిన కాగితం మీద ఉంటుంది. "ఎండాకాలమని గాలి తగ్గించమనేవాళ్ళుంటారు, వినొద్దు. గాలి తక్కువైతే టైరు పక్కలు వంగి వంగి ఇంకా వేడెక్కుతాయి, పేలేది అప్పుడే."

తర్వాత "స్టెప్నీ ఎప్పుడైనా తీసి చూశారామ్మా?" అన్నారు. మాది సెకండ్‌హ్యాండ్ బండి, దానితో వచ్చిన స్టెప్నీయే అది. డిక్కీలోంచి దాన్ని తీసి, పక్కన అచ్చువేసిన నాలుగు అంకెలు నా చేత చదివించారు. 2312. అంటే 2012లో ఇరవైమూడో వారంలో తయారైందని. టైరు మీది గాడులు కొత్తగానే ఉన్నాయి కానీ రబ్బరు మీద వేలు పెట్టి రాస్తే సన్నటి పగుళ్ళు తగిలాయి. పదేళ్ళు దాటిన టైరు వాడకపోయినా మార్చాల్సిందేనట. ఆరోజే మార్పించారు. ఆ తర్వాత ఆయనతో మాట్లాడటానికి నాకు ఎప్పుడూ వెతుక్కోవాల్సిన పని పడలేదు. ఆయన ముప్ఫై ఏళ్ళ డ్రైవింగు, ఆయన తండ్రి, ఆయన భయాలు, అన్నీ ఆ టైర్ల దగ్గర నుంచే వచ్చాయి.

దారిలో మేం గట్టిగా పట్టుకున్న పద్ధతి ఒక్కటే. రెండు గంటలకోసారి ఆగడం, ఆగినప్పుడు డ్రైవింగు మార్చుకోవడం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఒళ్ళు దానంతట అదే బరువెక్కుతుంది, ఏసీ ఉన్నా సరే. వంద కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు ఇరవై ఎనిమిది మీటర్లు పోతుంది. మూడు సెకన్లు కళ్ళు మూతపడితే ఎనభై మీటర్లకు పైగా ఎవరూ నడపని బండి అది. పాటల సౌండు పెంచడం, అద్దం దించడం దీనికి మందు కాదు. నీడలో ఆపి ఇరవై నిమిషాలు పడుకోవడమే. ఏ ఇంటికి ఆలస్యమైనా మేము ఇది మానలేదు.

మా నానమ్మకి సరిగ్గా వినబడదు. ఇంటికొచ్చినవాళ్ళంతా అరిచి మాట్లాడతారు, ఆవిడ తల ఊపుతుంది, అంతే. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది సన్నటి శబ్దాలు. అరిస్తే గొంతు పెరుగుతుంది కానీ మాట విడిపడదు. తను నన్ను దారిలోనే అడిగి తెలుసుకున్నాడు, ఏ చెవి నయమని. లోపలికి వెళ్ళగానే కుర్చీ జరుపుకుని ఆ వైపు, వెలుతురు తన ముఖం మీద పడేలా కూర్చున్నాడు. గొంతు తగ్గించి, నెమ్మదిగా, ఒక్కొక్క మాట. నానమ్మ తల ఊపడం మానేసి ఎదురు ప్రశ్నలు వేసింది. మా తాతయ్య ఎలా పోయాడో తనకి చెప్పింది. అందులో కొంత నాకే కొత్త.

అన్నీ సాఫీగా సాగలేదు. ఒక ఇంట్లో పెద్దాయన ఒకరు నా చదువు గురించి అన్న మాట నన్ను గుచ్చింది. కారెక్కాక నాకు ఏడుపొచ్చింది. మేము ముందే అనుకున్నాం, ఎవరి ఇంట్లోనైనా నొప్పి తగిలితే మొదటి గంట దాని గురించి వాదించుకోకూడదని. ఆ గంట తను నడిపాడు, నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. గంటయ్యాక తనే ఎత్తాడు. "ఆయన అలాంటివాడే" అని సర్దిపుచ్చలేదు. తర్వాతి స్టాపులో ఆయనకి ఫోను చేసి, పక్కకి వెళ్ళకుండా నా ఎదురుగానే, మర్యాద తప్పకుండా, ఆ మాట అనాల్సింది కాదని చెప్పాడు. ఫోను పెట్టేశాక తన చెయ్యి వణకడం చూశాను. ఇంట్లో పెద్దవాళ్ళకి ఎదురు చెప్పి ఎరుగని మనిషి తను.

వాళ్ళ చిన్నాన్నగారిల్లూ, మా మేనత్త ఇల్లూ ఈసారి కుదరలేదు. ఇద్దరికీ ఫోను చేసి పెళ్ళయ్యాక వస్తామని చెప్పాం. ముందు ఎవరింటికన్నది ఇంకా తేలలేదు.