డ్యాంపర్ చివర్లో

సెలవు మీద కావలి వస్తున్నానని తెలియగానే మా ఊరి కుర్రవాళ్లు అడిగే వస్తువుల్లో ఈ మధ్య స్టీరింగ్ డ్యాంపర్ కూడా చేరింది, అంటే హ్యాండిల్ ఊపును అణిచే నూనె గొట్టం. హైవే మీద హ్యాండిల్ ఊగుతోందని, దుబాయ్ సామాను వేస్తే కుదురుతుందని వాళ్ల ఆశ. అడగడంలో తప్పు లేదు. దుబాయ్‌లోని అల్ కూజ్ పారిశ్రామిక ప్రాంతంలో, బైకుల వర్క్‌షాపులో ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు), స్టీరింగు నా పని. డ్యాంపర్లు చాలానే బిగించాను. అందుకే ముందు నేనే అడుగుతాను: కోన్‌సెట్టు, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు, ఎప్పుడు మార్చారు? ముందు టైరు ఎంత అరిగింది? వెనక పెట్టెలో ఎంత బరువు వేస్తున్నారు?

వేగంలో ఉండగా గతుకు తగిలితే ముందు చక్రం మీద బరువు తగ్గి, అది క్షణం సేపు తేలిపోతుంది. కొంచెం పక్కకు తిరిగి నేలను తాకుతుంది. ఫోర్కు వాలు దాన్ని మళ్లీ తిన్నగా లాగుతుంది కానీ ఆ ఊపులో చక్రం మధ్యను దాటి రెండో వైపుకు పోతుంది. సెకనుకు నాలుగు నుంచి పది సార్ల దాకా ఇలా కొట్టుకునే హ్యాండిల్‌ను చేతులతో ఆపడం మనిషి వల్ల కాదు. గట్టిగా పట్టుకుంటే, బ్రేకు నొక్కితే ఇంకా పెరగవచ్చు. మోకాళ్లతో ట్యాంకును అదిమి, కొంచెం ముందుకు వంగి, యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించాలి. బండి నడిపే ప్రతి బిడ్డకూ ఇది ముందే తెలిసి ఉండాలి.

డ్యాంపర్ లోపల నూనె సన్నని దారిలోంచి పోవాలి. హ్యాండిల్ మెల్లగా తిప్పితే ఆ నూనె సులువుగా జారుతుంది, ఒక్కసారిగా విదిలిస్తే అడ్డుపడుతుంది. అరిగిన బేరింగును అది బాగు చేయదు, దాని లక్షణాన్ని కప్పిపెడుతుంది. నన్ను భయపెట్టేది ఇదే.

దుబాయ్‌లో గది, వంట, ఓవర్‌టైము గురించి చాలామంది రాశారు. నాకు పని గురించే చెప్పాలని ఉంది. 2022 జనవరిలో వారాంతం శని, ఆదివారాలకు మారాక మాకు శుక్రవారం రాత్రి ఊపిరాడదు. శనివారం తెల్లవారకముందే జెబెల్ జైస్ కొండ రోడ్డుకు, హత్తా వైపు వెళ్లే బండ్లన్నీ అప్పుడే వస్తాయి. అంత రద్దీలోనూ మా ఫిలిప్పీన్స్ ఫోర్‌మన్ జాబ్ కార్డు చూడందే డ్యాంపర్ పెట్టె విప్పనివ్వడు. స్టీరింగ్ బేరింగు, టైర్లు, చక్రాల వరస, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్, వీటన్నింటి పక్కనా టిక్కు ఉండాలి. ఆ పద్ధతి అంటే నాకు ప్రాణం. మన మేస్త్రీల చేతి పనితనం అక్కడి వాళ్లకు ఏ మాత్రం తీసిపోదు. కానీ మన ఊళ్లో బండి తెచ్చినవాడు పక్కనే నిలబడి తొందర పెడతాడు, చూసుకునే వ్యవధి ఇవ్వడు.

మొన్నటి సెలవులో మా అక్క కొడుకు బండి చూశాను. పాతది కొన్నాడు. "మామయ్యా, బైపాస్ మీద వంద దాటితే ఊగుతోంది, డ్యాంపర్ తెప్పించాను, వేసిపెట్టు" అన్నాడు. ముందు చక్రం గాల్లోకి లేపి, ఫోర్కు కింది కొసలు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే టక్కుమంది. హ్యాండిల్ మెల్లగా తిప్పితే సరిగ్గా మధ్యలో గాటులో పడ్డట్టు ఆగింది. బాల్ రేసుల్లో, అంటే బేరింగు గోళీలు దొర్లే గాడుల్లో, గుంటలు పడ్డాయన్నమాట. రేసులు కొత్తవి వేయించాం, మధ్యలో చదునైపోయిన ముందు టైరు మార్చాం, వెనక పెట్టె తీయించాను. ఊగడం ఆగిపోయింది.

అయినా వాడికి డ్యాంపర్ మీద మనసు పోలేదు. గతుకుల్లో అది పనికొచ్చే మాట నిజమే కాబట్టి బిగించాం. హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడు డ్యాంపర్‌లోంచి లోపలికీ బయటికీ కదిలే కడ్డీ సగం ప్రయాణంలో ఉండాలి. రెండు వైపులా చివరిదాకా తిప్పినప్పుడు హ్యాండిల్‌ను ఆపాల్సింది ఫ్రేము దగ్గరి స్టాపరే. అప్పటికి కడ్డీకి ఇంకా కొన్ని మిల్లీమీటర్లు కదిలే చోటు మిగలాలి. అంతకన్నా ముందే డ్యాంపర్ ఆపేస్తే, యూ టర్న్‌లో హ్యాండిల్ తిరగక బండి పడుతుంది. బ్రేకు గొట్టం, క్లచ్ కేబుల్, ట్యాంకు దేనికీ తగలకూడదు. ఫోర్కు గొట్టం మీది క్లాంపును టార్క్ రెంచితో చెప్పినంతే బిగించాలి. బలం చూపిస్తే గొట్టం నొక్కుకుని, ఫోర్కు లోపల పట్టేస్తుంది.

డ్యాంపర్ బిగువు మార్చే మరను పూర్తిగా వదులు నుంచి మొదలుపెట్టాలి. ఒకటి రెండు క్లిక్కులు బిగించి, అదే రోడ్డు మీద అదే వేగంతో చూడాలి. నేను మేనల్లుడిని ముందు ఊళ్లో, సంత రద్దీలో నడపమన్నాను. నడక వేగంలో బండి తిన్నగా పోక పాములా మెలికలు తిరిగితే క్లిక్కులు ఎక్కువైనట్టే. హోండా 2004 సీబీఆర్1000ఆర్‌ఆర్‌కు పెట్టిన ఎలక్ట్రానిక్ డ్యాంపర్ తక్కువ వేగంలో వదులుగా ఉండి, వేగం పెరిగేకొద్దీ బిగుసుకునేది ఇందుకే. చేత్తో తిప్పే మరకు ఆ తెలివి లేదు. పైగా మరీ బిగిస్తే హ్యాండిల్ కొట్టుకోవడం తగ్గినా, పెద్ద వేగంలో బండి మొత్తం నెమ్మదిగా అటూ ఇటూ తూలడం పెరగవచ్చు.

కుదిరిన క్లిక్కుల లెక్కను ట్యాంకు కింద కాగితం మీద రాయించాను. ఎండకు నూనె పలచబడుతుంది కాబట్టి రోహిణి కార్తెలో సరిపోయిన బిగువు సంక్రాంతి పొద్దున గట్టిగా తోస్తుంది, అప్పుడు ఒక క్లిక్కు వదలమన్నాను. కడ్డీ దగ్గర నూనె చెమర్చితే సీలు పోయినట్టే, ఆ రోజే విప్పి పక్కన పెట్టమన్నాను.