ఒకే గేటు

విజయనగరంలో మా పేటలోని ఖాళీ స్థలంలో అన్ని ఆదాయాలవారికీ కలిపి ఇళ్లు కట్టాలన్న ఆలోచన మీద, నేను గీసిన ప్లానుతో నిన్న ఇరుగుపొరుగువారి మధ్య కూర్చున్నాను. 2015 నాటి ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పట్టణ ఇళ్ల పథకం) లెక్కలో ఆర్థికంగా బలహీన వర్గాలకు 30, అల్పాదాయ వర్గాలకు 60 చదరపు మీటర్ల వరకు అన్న అంకెలు కాగితం మీద చక్కగానే ఇమిడాయి గానీ, ఇడ్లీ బండి నడిపే ఒక పెద్దావిడ ప్లాను మీద వేలు పెట్టి, "బండెక్కడెట్టుకోవాలి బాబూ, మెట్లెక్కించమంటారా?" అని అడిగేసరికి నాకు జవాబు దొరకలేదు. 2014 హుద్‌హుద్ తుపానుకు కరెంటు పోయి మోటార్లు ఆగిన రోజులు మరువలేక, చేతిపంపు, ఇంకుడు గుంతలు మాత్రం ముందే చేర్చాను. పెద్ద ఫ్లాట్లవారికి వేరే గేటు కావాలన్న మాట నాకు రుచించలేదు. ఈ ఉదయం ప్లానులో ఆ రెండో గేటు గీత చెరిపేసి, అక్కడే బళ్లకు చోటు గీశాను.