పాత ఫొటోల్లో మా ఊరి వసంతం: స్కానింగ్, రంగులు, నెలల లెక్క

పాత ఫొటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకున్నప్పుడు నేను ముందు వెతికింది నెగటివ్‌ల కోసం, అంటే ప్రింట్లు వేయడానికి వాడే, రంగులు తిరగబడి కనిపించే ఫిల్మ్ ముక్కల కోసం. 1980ల్లో, 90ల్లో స్టూడియోవాళ్లు ప్రింట్లతో పాటు వాటినీ కవర్లో పెట్టి ఇచ్చేవాళ్లు. చాలా ఇళ్లలో అవి ఇంకా బీరువా అడుగునే ఉంటాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో తీసిన మామిడితోట ప్రింట్లో పైభాగమంతా తెల్లగా పోయి ఉంటే, అదే నెగటివ్‌లో పూతగుత్తులూ వెనకాల ఆకాశమూ చాలావరకు దక్కాయి.

35 మి.మీ. నెగటివ్‌ను 3200 డీపీఐలో (అంగుళానికి అన్ని చుక్కల చొప్పున) స్కాన్ చేస్తే సుమారు 4500×3000 పిక్సెళ్లు వస్తాయి. ప్రింట్ ఒక్కటే మిగిలితే 600 డీపీఐ చాలు, అంతకు మించితే ఫైలు బరువే పెరుగుతుంది. రంగుల వివరం ఎక్కువగా నిలిచే 48 బిట్ టిఫ్ ఫైళ్లుగా దాచాను. 4×6 అంగుళాల ప్రింట్ 50 ఎంబీ దాకా అవుతుంది. స్కానర్‌లో ఇన్‌ఫ్రారెడ్‌తో (కంటికి కనిపించని కిరణాలతో) దుమ్ము తీసే సదుపాయం బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లకు వాడకూడదు. ఫిల్మ్‌లోని వెండి ఆ కిరణాలను ఆపేస్తుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ బొమ్మనే దుమ్మనుకుంటుంది. బూజు పట్టిన ఫిల్మ్‌కు నీళ్లు అసలు తగలనివ్వలేదు. బూజు తిన్నచోట పైపొర నీళ్లకు కరిగిపోతుంది.

జిగురు పేజీల ఆల్బమ్ నుంచి ప్రింట్లు ఊడదీయడానికి మైనం లేని డెంటల్ ఫ్లాస్ వాడాను. ఫొటో వెనక దూర్చి, రంపంలా మెల్లగా అటూ ఇటూ లాగాలి. మూల పట్టుకుని పైకి లాగితే కాగితం మడతపడి పైపొర చిట్లుతుంది. గాలిలో తేమ ఉన్న వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను అద్దంతోనే స్కాన్ చేయడం మేలు.

అసలు కష్టం రంగులతో. పాత రంగు ప్రింట్లు చీకట్లో ఉన్నా ఎర్రబడతాయి, ఎందుకంటే సయాన్ (నీలం, ఆకుపచ్చ కలిసినట్టుండే) రంగు ముందు పోతుంది. సాఫ్ట్‌వేర్‌లో రంగులు తనంతట తానే సరిచేసే ఆటో కరెక్షన్ నొక్కితే ఆ ఎరుపుతో పాటు మోదుగపూల నారింజనూ చంపేస్తుంది. ఇదే తెలుపని సాఫ్ట్‌వేర్‌కు చూపడానికి సున్నం గోడ మీద క్లిక్ చేసినా లాభం లేదు. సున్నంలో నీలిమందు కలిపేవాళ్లు, పంచెలకూ అదే పెట్టేవాళ్లు. గోడను అచ్చమైన తెలుపుగా పెడితే ఫొటో అంతా పసుపుబారుతుంది. నేను నీడలో ఉన్న నల్లబండనో, సిమెంటు గట్టునో బూడిదరంగుకు ఆధారంగా తీసుకున్నాను. ఆ తర్వాత కానుగ లేతాకులు చూసుకున్నాను. అవి కళ్లకు తెలిసిన ఆ మెరిసే లేతపచ్చలో కనిపిస్తే రంగు కుదిరినట్టే.

నెల తేల్చడానికి చెట్లే సాక్షులు. ఆకులేని కొమ్మల మీద ఎర్రటి బూరుగుపూలు, ఆ వెనకే మోదుగ కనిపిస్తే ఫిబ్రవరి, మార్చి. వేపపూత ఉంటే మార్చి చివర, ఏప్రిల్. కల్లంలో మిరపకాయలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉంటాయి కాబట్టి వాటినొక్కటే నమ్మలేదు. సంవత్సరం తేల్చడానికి ఫొటోలో పడ్డ పంచాంగం అట్ట సాయపడింది. ‘ప్రభవ’ అని చదవగలిగితే అది 1987 ఉగాది నుంచి 1988 ఉగాది ముందురోజు దాకా నడిచిన ఏడాది. అరవై ఏళ్లకోసారి వచ్చే పేరు కనుక రంగు ఫొటోలో పొరపాటుకు తావులేదు. మోదుగ పూసి ఉంటే 1988 మొదట్లోది, వేప పూసి ఉంటే చాలామటుకు 1987 ఉగాది రోజులది. అయితే దేవుడి బొమ్మ ఉన్న గోడ క్యాలెండర్‌ను ఏడాది గడిచినా మేకుకే ఉంచేస్తారు. అందులోని సంవత్సరం ‘అంతకు ముందు కాదు’ అని మాత్రమే చెబుతుంది.

నెగటివ్ అంచున ఒక్కో ఫొటోకు ఉండే ఫ్రేము నంబర్లు కూడా చూడాలి. 36 ఫొటోల రీలు ఖరీదని నెలల తరబడి దాచుకుని వాడేవాళ్లు. ఒకే రీలులో 5లో సంక్రాంతి ముగ్గు, 29లో ఉగాది పచ్చడి ఉంటే, మధ్యలోని తోటలూ కల్లాలూ ఆ రెండు పండగల నడుమవే.

చివరగా ఎగ్జిఫ్ తేదీ, అంటే ఫొటో ఫైలు లోపలే నమోదై ఉండే తేదీ. స్కానర్ అందులో స్కాన్ చేసిన రోజునే రాస్తుంది. ఎగ్జిఫ్‌టూల్ అనే సాఫ్ట్‌వేర్‌తో ‘తీసిన తేదీ’ మార్చాను. రోజు తెలియనప్పుడు ఒకటో తేదీ వేసి, వివరణలో ‘నెల అంచనా, వేపపూతను బట్టి’ అని ఆధారం కూడా రాసి పెట్టాను.