ఉలువాటు అలల సూచన నేనే చదువుకుని దిగాను: నా అనుభవం

భుజాల నొప్పి ఇంకా తగ్గలేదు, కోపం అసలే తగ్గలేదు. అందుకే ఈ రాత్రే కూర్చుని రాస్తున్నాను. విశాఖ చేరి రాస్తే సగం మరిచిపోతాను, మిగతా సగం మెత్తబడిపోతుంది.

బాలి దీవికి దక్షిణ కొసన సున్నపురాతి కొండచరియ మీద పుర లుహుర్ ఉలువాటు అనే గుడి ఉంది. దానికి కొద్ది దూరంలో, చరియ కింద పగడపు దిబ్బ మీద ఎడమవైపు విరుగుతూ సాగే అల కోసం ప్రపంచం నలుమూలల నుంచీ సర్ఫింగ్ చేసేవాళ్ళు వస్తారు. నేను రుషికొండలో నేర్చుకున్నదాన్ని. లాసన్స్ బే, యారాడ అలలతోనూ ఏళ్ళ తరబడి సావాసం ఉంది. అవన్నీ ఇసుక మీద విరిగే అలలు. పగడపు దిబ్బ మీద విరిగే అలను ఒక్కసారైనా ఎక్కాలన్నది ఎప్పటినుంచో ఉన్న కోరిక. మా తమ్ముడు కెమెరా పట్టుకుని తోడు వచ్చాడు. వీసా విమానాశ్రయంలోనే ఇచ్చారు, 5 లక్షల ఇండోనేసియా రుపయాలు కట్టించుకున్నారు. బస గురించి చెప్పడానికి ఏమీ లేదు.

అసలు పని అలల సూచన, అంటే ఎలాంటి అలలు వస్తాయో ముందే చెప్పే అంకెలు, చదవడం. ఇసుక తీరంలో అయితే ఒడ్డున నిలబడి చూసి దిగిపోవచ్చు, పడినా ఇసుక మీదే పడతాం. ఇక్కడ నీళ్ళ కింద చర్మం చీల్చేసే పగడం ఉంది. ఎప్పుడు దిగాలో తెలియకుండా దిగడమంటే ఒంటిమీద కుట్లు కొనుక్కోవడమే.

నేను దిగిన రోజుకు సూచనలో ఉన్నవి ఇవి: స్వెల్ (దూరపు తుపాన్లు లేపి పంపే అలలు) ఎత్తు 1.5 మీటర్లు, వ్యవధి (ఒక అల వెనక ఇంకో అల రావడానికి పట్టే సమయం) 16 సెకన్లు, దిశ దక్షిణ నైరుతి, గాలి ఆగ్నేయం నుంచి. మనవాళ్ళు చాలామంది ఎత్తు ఒక్కటే చూస్తారు. ఒకటిన్నర మీటర్లే కదా అనుకుంటారు. అల బలం ఎత్తు వర్గాన్ని వ్యవధితో గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. 2 మీటర్ల ఎత్తు, 8 సెకన్ల వ్యవధి ఉన్న అలకు ఆ లెక్క 32. 1.5 మీటర్లు, 16 సెకన్ల అలకు 36. అంటే చూపుకు చిన్నదిగా ఉన్నదే బలమైనది. పైగా 16 సెకన్ల అల లోతైన సముద్రంలో దాదాపు 400 మీటర్ల పొడవుంటుంది, 200 మీటర్ల లోతునుంచే అడుగును తాకడం మొదలుపెడుతుంది. అలా తాకుతూ, వంగుతూ, దిబ్బ దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా లేస్తుంది. 8 సెకన్ల అలకు పొడవు 100 మీటర్లే. మన బంగాళాఖాతంలో దగ్గరలోని గాలులు లేపే అలల వ్యవధి తరచుగా అంతే ఉంటుంది. అక్కడి అంచనాతో ఇక్కడ దిగకూడదు.

ఇంకో సంగతి. సూచనలో రాసే ఎత్తు అన్నింటికన్నా పెద్ద అలది కాదు. అలల్లో పెద్దవైన మూడో వంతును తీసుకుని కట్టిన సగటు అది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సేనలను తీరాల్లో దించడానికి హరాల్డ్ స్వెర్‌డ్రప్, వాల్టర్ మంక్ అలలను అంచనా వేసే పద్ధతిని తయారు చేసినప్పటి నుంచి ఈ కొలతే వాడుకలో ఉంది. కాబట్టి 1.5 అని రాసి ఉన్నా, నడుమ దానికి దాదాపు రెట్టింపు ఎత్తున్న అల రావచ్చు. అది వచ్చినప్పుడు నువ్వు ఎక్కడ ఉన్నావన్నదే ప్రశ్న.

ఈ స్వెల్ పుట్టేది బాలి దగ్గర కాదు, దక్షిణాన వేల కిలోమీటర్ల అవతల, అంటార్కిటికా వైపు తుపాన్లలో. 16 సెకన్ల అలల గుంపు గంటకు సుమారు 45 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. వ్యవధి ఎక్కువైన అలలు ముందు చేరతాయి. ముందురోజు సూచనలో 18 సెకన్లు, 0.6 మీటర్లు అని కనిపించినప్పుడే రేపు ఇది పెరుగుతుందని తమ్ముడికి చెప్పాను. పెరిగింది కూడా. అదే దక్షిణ సముద్రాల నుంచి వచ్చే అలలే కేరళ తీరాన్ని ముంచుతాయి. అక్కడి మత్స్యకారులు దాన్ని కల్లక్కడల్ అంటారు. ఆ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ ఉన్నది సముద్రమే లేని మన హైదరాబాద్‌లో. అలల ఎత్తు, స్వెల్ వ్యవధి, దిశ అన్నీ ఆ సంస్థ సూచనల్లో ఉంటాయి. నేను ఈ అంకెలు చదవడం అలవాటు చేసుకున్నది వాటితోనే. ఇండోనేసియాలో ఈ పని బీఎంకేజీ చేస్తుంది. దాని ఎత్తైన అలల హెచ్చరిక ఉన్న రోజున ఎవరెన్ని చెప్పినా నీళ్ళ జోలికి వెళ్ళకండి.

నాకు తల తిరిగింది పోటుపాట్ల దగ్గర. ఒక పట్టికలో పాటు సమయానికి నీటిమట్టం 0.2 మీటర్లు, ఇంకో పట్టికలో మైనస్ 1.1. ఒకే చోటు, ఒకే రోజు. చాలాసేపు చూసిన తర్వాత తేలింది: మొదటిది అతి తక్కువ పాటు మట్టం నుంచి కొలుస్తుంది, రెండోది సగటు సముద్ర మట్టం నుంచి. రెండూ చెప్పేది ఒకే నీళ్ళ గురించి. సమయం దగ్గర మరో చిక్కు. బాలి మనకంటే రెండున్నర గంటలు ముందు. నా ఖాతా భారత కాలమానంలోనే ఉండటంతో నేను పట్టిక చూసిన సైటు పాటు తెల్లవారుజామున మూడున్నరకని చూపించింది. బాలి గడియారంలో అది ఆరు గంటలు. ఏ పట్టిక చూసినా మట్టం ఎక్కడి నుంచి కొలిచారో, గంటలు ఏ ఊరివో ముందు చూసుకోండి. మన పంచాంగం కూడా పనికొస్తుంది. పౌర్ణమికీ అమావాస్యకూ పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో తేడా తక్కువ. నేను దిగింది పౌర్ణమి మర్నాడు. ఆరుగంటల పాటుకు దిబ్బ పైకి తేలుతుంది, మధ్యాహ్నం వేళకు పోటు నిండుతుంది. తొమ్మిది ప్రాంతంలో నీళ్ళు సగం ఎక్కి ఉంటాయి. నా సమయం అదేనని తేల్చుకున్నాను.

ఇక నా కోపానికి కారణమైన సర్ఫింగ్ గైడుల ఆఫీసు. పేరు రాయను. కొత్త రీఫ్ (పగడపు దిబ్బ) మీద ఆ చోటు తెలిసినవాళ్ళు వెంట ఉండాలన్నది నా నియమం కాబట్టి, ఇంటినుంచే అడ్వాన్సు కట్టి ఒక గైడును మాట్లాడుకున్నాను. ముందురోజు సాయంత్రం సంతకాలకు రమ్మన్నారు.

బల్ల వెనకాల గోడకు తెల్లబోర్డు. దాని మీద ఎర్ర మార్కర్‌తో ‘6 గంటలు’ అని రాసి, పక్కన ఐదు నక్షత్రాలు గీసి ఉన్నాయి. బల్ల దగ్గరి మనిషి నన్ను చూశాడు, మా తమ్ముణ్ణి చూశాడు, దరఖాస్తు వాడి ముందు పెట్టాడు. “సర్ఫింగ్ చేసేది నేను” అన్నాను. దరఖాస్తు నా వైపు జరపలేదు. అనుభవం అన్నచోట, నన్నొక్క మాట అడగకుండా, ‘కొత్తవారు’ అన్న గడిలో టిక్కు పెట్టేశాడు. “మీ ఆవిడను కుటా తీసుకెళ్ళండి, అక్కడ ఇసుక ఉంటుంది” అని మా తమ్ముడితో చెప్పాడు.

“ఆవిడ మా అక్క. ఏదైనా ఉంటే ఆవిడనే అడగండి” అన్నాడు వాడు.

అప్పుడు నా వైపు తిరిగి అడిగిన ప్రశ్న: “ఇండియాలో సర్ఫింగ్ ఉందా?”

ఉంది. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ పోటీలు మహాబలిపురంలోనే జరిగాయి, మన రమేష్ బుదిహాల్ కాంస్యం గెలిచాడు. అంతకన్నా ముందు సంగతి, మా విశాఖ జాలరిపేట వాళ్ళు తరతరాలుగా తెప్పల మీద విరిగే అలలను దాటుకుంటూ వేటకు పోతున్నారు. సముద్రం చదవడం మాకు ఎవరో వచ్చి నేర్పాల్సిన విద్య కాదు. ఇదంతా అతనికి చెప్పాను. వినలేదు, ఫోను చూసుకుంటున్నాడు.

పోనీ అనుకుని అసలు విషయానికి వచ్చాను. నేను రాసుకున్న కాగితం తీసి బల్ల మీద పరిచాను. ఆరింటికి పాటు అడుగంటుతుంది, దిబ్బ తేలుతుంది, రేస్‌ట్రాక్స్ అనే భాగంలో నీళ్ళు మోకాలి లోతు కూడా ఉండవు, తొమ్మిదికి వెళ్దాం అన్నాను. గాలి పెరిగినా నష్టం లేదు, వానలు లేని కాలపు ఆగ్నేయ గాలి ఇక్కడ ఒడ్డు నుంచి సముద్రం వైపే వీస్తుంది, అలను ఇంకా నిలబెడుతుందని కూడా చెప్పాను. అతను గోడమీది నక్షత్రాలకేసి వేలు చూపించి, “కాగితం మీద సర్ఫింగ్ చెయ్యలేరమ్మా” అన్నాడు. నా వెనక వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు.

ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. నన్ను తెలియనిదాన్ననుకున్నందుకు కాదు ఈ కోపం. తెలుసో లేదో కనుక్కోవడానికి ఒక్క ప్రశ్న కూడా అడగనందుకు. ఎన్నేళ్ళుగా చేస్తున్నావు, ఎలాంటి అలల మీద, ఏ బోర్డు మీద? మూడు ప్రశ్నలు చాలు. అవి అడిగి, నీకు ఈ అల తగదు అంటే తలవంచి ఒప్పుకునేదాన్ని. మనిషి రంగు, చీటీ మీద దేశం, పక్కన మగవాడు ఉండటం, వీటితో అంచనా వేసేవాడి చేతిలో ఎవరి ప్రాణమైనా ఎలా పెడతాం? ఆ నక్షత్రాలు ఎక్కడివో కూడా తర్వాత చూశాను. ఒక యాప్‌లోవి. అందులో నక్షత్రాలు వేసేది స్వెల్‌నూ గాలినీ చూసి. పోటుపాట్లతో వాటికి సంబంధమే లేదు.

అడ్వాన్సు వెనక్కి అడిగాను. ముందురోజు సాయంత్రం మానుకుంటే ఇవ్వరట. రసీదు తీసుకుని వచ్చేశాను.

మర్నాడు ఆరింటికి చూడటానికని కొండచరియ మీదికి వెళ్ళాం. గోధుమరంగు దిబ్బ ఆరుబయట పడి ఉంది, దాని గుంతల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ ఆఫీసు తీసుకొచ్చిన జనం మెట్ల మీద బోర్డులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తమ్ముడు ఫోటోలు తీశాడు.

చరియ మీద బోర్డులు అద్దెకిచ్చే ఒక పెద్దావిడ ఉన్నారు. అందరూ ఇబు (అమ్మ) అని పిలుస్తున్నారు, నేనూ అలాగే పిలిచాను. ఏ కాలు ముందు పెడతావని అడిగారు, ఇంతకుముందు రీఫ్ మీద చేశావా అని అడిగారు. లేదంటే కాస్త వెడల్పైన, మందమైన బోర్డు తీసి, కాలి తాడు ముడిని తానే రెండుసార్లు లాగి చూశారు. తొమ్మిదికి దిగుతానంటే, “సరే, అప్పటికి నీళ్ళు ఎక్కుతాయి” అన్నారు. కావాలంటే వెంట రావడానికి తమ వీధి కుర్రాణ్ణి పిలిచారు. ఉలువాటు వెళ్ళేవాళ్ళు పెద్ద ఆఫీసులను వదిలి ఇలాంటివారిని వెతుక్కోండి.

లోపలికి వెళ్ళేది గుహలోంచి. మెట్లు దిగితే రాతి గుహ, దాని నోట్లోంచి సముద్రం. 16 సెకన్ల స్వెల్‌లో అలలు గుంపులుగా వస్తాయి, నడుమ చాలాసేపు ఏమీ ఉండదు. ఆ కుర్రాడు గుంపు మొత్తం పోయేదాకా నన్ను ఆపాడు, పోగానే దిగమన్నాడు. తడవని జుట్టుతో అవతలికి చేరాను. పైనుంచి ఐదు నిమిషాలు చూసి అలలే లేవని దిగినవాళ్ళకు ఆ గుంపు మీద పడుతుంది. కనీసం ఇరవై నిమిషాలు చూడండి.

నాకు దొరికిన మంచి అల గురించి చెప్పాలి. వెనకనుంచి ఎత్తుతున్నప్పుడే తేడా తెలిసింది. ఇసుక మీది అల తోస్తుంది, ఇది నన్ను మొత్తంగా పైకి లాక్కుంది. నిలబడి ఎడమకు తిప్పాను. నా ఎదుట నీటి గోడ చదునుగా, గాలికి సన్నగా వణుకుతూ నిలబడి ఉంది. దాని అడుగున పగడపు మచ్చలు ఒక్కొక్కటీ వెనక్కి పరుగెడుతూ కనిపించాయి. రేస్‌ట్రాక్స్ మొదలయ్యే ముందే అల వీపు మీదుగా బయటికి వచ్చేశాను. చాలా బాగా చేశాను. ఆ కుర్రాడు చెయ్యెత్తి అరిచాడు.

తిరిగి రావడమే కష్టం. పోటు నిండేకొద్దీ ప్రవాహం గుహను దాటించి పదంగ్ పదంగ్ అనే పక్క తీరం వైపు లాక్కుపోతుంది. గుహ నోటికేసి తిన్నగా ఈదితే దాన్ని దాటి కొట్టుకుపోతారు, మళ్ళీ సముద్రం లోపలికి వెళ్ళి చుట్టు తిరిగి రావాలి. గుడి వైపు బాగా పైకి గురిపెట్టి ఈదితే ప్రవాహమే తెచ్చి గుహ ముందు వదులుతుంది. నా భుజాలు ఇలా అయింది అక్కడే. పోటు పూర్తిగా నిండకముందే బయటికి రండి, ఇంకొక్క అల అని ఆగకండి.

ఎల్లుండి విమానం. రేపు పొద్దున ఆ ఆఫీసుకు మళ్ళీ వెళ్తున్నాను. రసీదు, ఆరింటికి తీసిన ఎండిన దిబ్బ ఫోటోలు, ఆ రోజు పోటుపాట్ల పట్టిక, మూడూ అచ్చు తీయించి ఉంచాను. డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, ఆ పట్టికను మాత్రం నక్షత్రాల పక్కన అంటించే వస్తాను.