డిసెంబర్ 4 క్యాసెట్: మూడు నెలల పని లెక్క

ఒకే తేదీన, వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు ఊళ్లలో జరిగిన సంగీత ఘట్టాలను తొంభై నిమిషాల క్యాసెట్‌లో వరుసగా కూర్చాలన్న పనిని సెప్టెంబరులో మొదలుపెట్టాను. తేదీ కోసం వెతుక్కోవలసిన అవసరం రాలేదు. కృష్ణా జిల్లా గుడివాడ దగ్గరి చౌటపల్లిలో ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టినది 1922 డిసెంబర్ 4న. మా ఇంట్లో ఆ రోజు పొద్దున కాఫీ కంటే ముందు గ్రామఫోను మోగేది. అదే తేదీకి బయటి ప్రపంచంలో ఏమేమి జరిగిందో రాసుకుంటూ పోగా నోటు పుస్తకంలో పన్నెండు పేజీలు నిండాయి. వాటిలో సగానికి పైగా కొట్టివేతలే.

కొట్టివేతలకు కారణం నేను పెట్టుకున్న నియమాలు. మొదటిది, సంఘటన జరిగిన ఊరి తేదీనే లెక్కలోకి తీసుకోవాలి. ఇది చెప్పడానికి సులభమే కాని, ఇక్కడ కూర్చుని ఆలోచిస్తే తమాషాగా ఉంటుంది. అమెరికాలోని మెంఫిస్ నగరంలో మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట అయ్యేటప్పటికి మద్రాసులో బుధవారం మొదలై అరగంట గడిచిపోతుంది. మన గడియారాన్ని పట్టుకుంటే నా జాబితాలో ముఖ్యమైన ఘట్టాలు రెండు డిసెంబర్ 5కు జారిపోతాయి.

రెండవది వారం పరీక్ష. డిసెంబర్ 4 నుంచి జనవరి 1కి సరిగ్గా 28 రోజులు, అంటే నిండు నాలుగు వారాలు. అందువల్ల ఏ సంవత్సరంలోనైనా డిసెంబర్ 4 ఏ వారమో మరుసటి ఏటి జనవరి 1 కూడా అదే వారం అవుతుంది, లీపు సంవత్సరమన్న బెంగ కూడా లేదు. జనవరి ఒకటో తేదీల వారాలను ఒక అట్టముక్క మీద రాసుకుని పక్కన పెట్టుకున్నాను. నా పాత పుస్తకంలోని తప్పు ఒకటి దీనితోనే దొరికింది. లండన్ రెయిన్‌బో థియేటర్‌లో అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పాను ఒక ప్రేక్షకుడు వేదిక మీది నుంచి కిందికి తోసేసిన సంఘటనను 1971 డిసెంబర్ 4, శుక్రవారం అని రాసుకుని ఉన్నాను. 1972 జనవరి 1 శనివారం కనుక ఆ డిసెంబర్ 4 కూడా శనివారమే. శుక్రవారం నిజమైతే తేదీ తప్పయి ఉండాలి. మళ్లీ చూస్తే అది డిసెంబర్ 10 నాటి సంగతి. ఎర్ర సిరాతో కొట్టేశాను.

క్యాసెట్ మొదటి వైపును ఘంటసాలతోనే ప్రారంభించాను. కరుణశ్రీ పద్యాల ‘పుష్పవిలాపం’ మా నాన్నగారి 78 రికార్డులో (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డు) రెండు వైపులా కలిపి ఆరు నిమిషాలు దాటదు. మొదటిసారి ఎల్పీలకు, అంటే తరువాత వచ్చిన లాంగ్‌ప్లే రికార్డులకు, వాడే ముల్లుతోనే ఎక్కించాను, పద్యం కంటే హోరు ఎక్కువగా పడింది. 78 రికార్డు గాడి వెడల్పుగా ఉంటుంది. సన్నని ఎల్పీ ముల్లు గాడి గోడలను ఆనుకోకుండా అడుగున చేరిన మట్టిలో దొర్లుతుంది. 78లకు తగిన లావు ముల్లు తెప్పించి, రికార్డును తడిగుడ్డతో గుండ్రంగా తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాక మళ్లీ ఎక్కించాను. చిటపటలు పోలేదు కాని పద్యంలో విరుపులు, ఆ విరుపుల మధ్య ఆయన ఊపిరి తీసుకోవడం స్పష్టంగా వినబడుతున్నాయి.

ఈ వైపున ఎక్కువ రోజులు పట్టినది 1956 డిసెంబర్ 4. ఘంటసాలకు ఆ రోజుకు 34 ఏళ్లు నిండాయి. ఆయన సంగీత దర్శకుడిగా పేరు పడిన ‘మాయాబజార్’ విడుదలకు ఇంకా నాలుగు నెలలు కూడా లేవు. ఆ మంగళవారమే మెంఫిస్‌లో, యూనియన్ అవెన్యూ 706వ నంబరు భవనంలోని సన్ రికార్డు కంపెనీ స్టూడియోలో గాయకుడు, గిటారిస్టు కార్ల్ పెర్కిన్స్ తన అన్నదమ్ములతో, డ్రమ్ముల మీద డబ్ల్యు. ఎస్. హోలండ్‌తో కలిసి ‘మ్యాచ్‌బాక్స్’ పాటను రికార్డు చేస్తున్నాడు. పియానో వాయించడానికి కూలికి పిలిపించిన కుర్రవాడు జెర్రీ లీ లూయిస్. అంతకు ఏడాది ముందే ఆ కంపెనీని వదిలి ఆర్‌సీఏ అనే పెద్ద రికార్డు కంపెనీకి వెళ్లిపోయిన ఎల్విస్ ప్రెస్లీ స్నేహితురాలితో కలిసి ఊరికే చూసిపోదామని వచ్చి పియానో ముందు కూర్చున్నాడు. గాయకుడు జానీ క్యాష్ కూడా అక్కడే ఉన్నాడు. ఎవరూ ఏమీ అనుకోకుండా పాటలు మొదలయ్యాయి, ఇంజనీరు జాక్ క్లెమెంట్ టేపు తిప్పాడు. స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్ స్థానిక పత్రికకు ఫోను చేయగా ఆ పత్రిక మనిషి ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చాడు. ‘మిలియన్ డాలర్ క్వార్టెట్’ (క్వార్టెట్ అంటే నలుగురి బృందం) అన్న పేరు మరునాటి పత్రికలో పుట్టింది. ఆ ఫొటో చాలాచోట్ల నలుగురితోనే కనబడుతుంది. పూర్తి ఫొటోలో పియానో మీద కూర్చున్న ఆ అమ్మాయి కూడా ఉంటుంది, అచ్చు వేసేవారు ఆమెను కత్తిరించేస్తూ వచ్చారు. నా క్యాసెట్ అట్ట మీద కత్తిరించని ఫొటోనే అంటించుకున్నాను.

ఈ టేపు 1981 దాకా బజారుకు రాలేదు. అందులో ఎక్కువ భాగం చర్చి పాటలే. చిన్నప్పుడు నలుగురూ ఆదివారాలు పాడుకున్నవి కాబట్టి ఒకరు ఎత్తుకుంటే మిగిలినవారు అందుకుంటారు, మధ్యలో మాట మరచిపోయి నవ్వుతారు. క్యాష్ గొంతు టేపులో వినబడుతుందా లేదా అన్న వాదం ఇప్పటికీ ఉంది. తాను మైకుకు దూరంగా నిలబడి, ఎల్విస్‌తో కలవడం కోసం మామూలు కంటే పై శ్రుతిలో పాడానని ఆయన ఆత్మకథలో రాసుకున్నాడు. నేను హెడ్‌ఫోను పెట్టుకుని రెండు సాయంత్రాలు విన్నాను, నమ్మకంగా ఇదీ ఆయన గొంతు అని చెప్పలేను. నాకు నచ్చిన భాగం వేరే ఉంది. లాస్ వేగాస్‌లో ఒక గాయకుడు తన ‘డోంట్ బి క్రూయెల్’ పాటను తనకంటే బాగా పాడాడని ఎల్విస్ చెప్పి, ఆ గాయకుడు తనను అనుకరించిన తీరును తానే అనుకరిస్తూ మళ్లీ మళ్లీ పాడి చూపిస్తాడు. పేరు తెలియకుండానే మెచ్చుకున్న ఆ గాయకుడు జాకీ విల్సన్. దీనిని పూర్తిగా ఉంచి, మిగతా వాటిలో నాలుగింటిని మాత్రమే తీసుకున్నాను. మాటలు తగ్గుస్థాయిలో, పాటలు పెద్దగా ఉంటాయి కనుక రికార్డింగు లెవెల్‌ను పాటలకు సరిపెట్టి వదిలేశాను. మాట వచ్చినప్పుడల్లా గుండీ తిప్పితే వెనుకనున్న బుస కూడా లేచి కూర్చుంటుంది.

దీని తరువాత బీటిల్స్ రావడానికి తేదీ ఒక్కటే కారణం కాదు. వారి ‘బీటిల్స్ ఫర్ సేల్’ ఆల్బమ్ బ్రిటన్‌లో విడుదలైనది 1964 డిసెంబర్ 4, శుక్రవారం. పద్నాలుగు పాటలలో ఎనిమిది సొంతం, ఆరు ఇతరులవి. ఆ ఆరింటిలో రెండు, ‘హనీ డోంట్’, ‘ఎవ్రీబడీస్ ట్రైయింగ్ టు బి మై బేబీ’, కార్ల్ పెర్కిన్స్ రికార్డుల నుంచి తీసుకున్నవి. ఎనిమిదేళ్ల కిందట ఇదే తేదీన ఆయన రికార్డు చేసిన ‘మ్యాచ్‌బాక్స్’ను కూడా వారు అదే ఏడాది పాడారు. క్యాసెట్‌లో పెర్కిన్స్ మ్యాచ్‌బాక్స్, క్వార్టెట్ ముక్కలు, ఆ వెంటనే ఈ రెండు పాటలు పెట్టాను. ఒకే గిటారు పద్ధతి మెంఫిస్ నుంచి లివర్‌పూల్ కుర్రవాళ్ల చేతికి ఎలా చేరిందో పాటల మధ్య మూడు సెకన్ల ఖాళీలో వినబడుతుంది.

1965 డిసెంబర్ 4 దగ్గర కొంత తర్జనభర్జన పడ్డాను. బర్డ్స్ బృందం పాడిన ‘టర్న్! టర్న్! టర్న్!’ ఆ తేదీ బిల్‌బోర్డు అనే అమెరికన్ పత్రిక పాటల పట్టికలో మొదటి స్థానానికి వచ్చింది. కాని పట్టిక మీది తేదీ పత్రిక సంచిక తేదీయే, ఆ రోజున ఎక్కడా ఏదీ జరిగినట్టు కాదు. మామూలుగా ఇటువంటివాటిని తీసుకోను. అయితే ఆ బృందంలో బాస్ గిటారు వాయించిన క్రిస్ హిల్‌మన్ పుట్టినది 1944 డిసెంబర్ 4న. సరిగ్గా ఆ శనివారం అతనికి ఇరవై ఒక్క ఏళ్లు నిండాయి. ఆ ఒక్క కారణంతో నియమాన్ని పక్కన పెట్టాను.

రెండవ వైపు సగంలో ఉండగా క్యాసెట్ చెడింది. హఠాత్తుగా పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు మందంగా వినబడసాగింది. టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచినా మారలేదు. పాత క్యాసెట్ కాబట్టి అయిదు చిన్న స్క్రూలు విప్పి చూస్తే, టేపును వెనుక నుంచి హెడ్ మీదికి అదిమి పట్టే చిన్న ఫెల్ట్ ముక్క జిగురు ఎండి ఊడి, ఒక మూలన పడి ఉంది. పనికిరాని మరో క్యాసెట్ నుంచి అటువంటి ముక్కను, దాని రాగిరేకు స్ప్రింగుతో సహా, పట్టకారుతో తీసి ఇందులో అమర్చాను. మూత మూసే ముందు టేపు రెండు చివరల రోలర్ల మీదుగా వెళుతున్నదో లేదో చూసుకోవాలి. నేను చూసుకోలేదు, రెండవసారి విప్పవలసి వచ్చింది.

ఈ వైపు అంతా దాదాపు ఒకే కథ. 1971 డిసెంబర్ 4న స్విట్జర్లాండులోని మోంత్రో కాసినోలో జప్పా, ఆయన మదర్స్ ఆఫ్ ఇన్వెన్షన్ బృందం ‘కింగ్ కాంగ్’ వాయిస్తుండగా, ప్రేక్షకులలో ఒకడు ఫ్లేర్ గన్‌ను పైకప్పు వైపు పేల్చాడు. పైకప్పుకు పేము అల్లిక ఉండడంతో మంటలు అంటుకుని భవనమంతా కాలిపోయింది. ప్రాణాలు పోలేదు, అక్కడి సంగీతోత్సవ నిర్వాహకుడు క్లోడ్ నాబ్స్ లోపల చిక్కుకున్న కుర్రవాళ్లను బయటికి లాగాడు. అదే భవనంలో కొత్త ఆల్బమ్ రికార్డు చేసుకోవడానికి వచ్చిన బ్రిటిష్ రాక్ బృందం డీప్ పర్పుల్ వారు జెనీవా సరస్సు మీద పొగ పరుచుకోవడాన్ని చూశారు. ‘స్మోక్ ఆన్ ది వాటర్’ అన్న పేరు బాస్ గిటారిస్టు రోజర్ గ్లోవర్‌కు నిద్ర లేస్తుండగా తట్టింది. పాట వాద్యభాగం రికార్డు చేసినది పెవిలియన్ అనే మరో హాలులో. చప్పుడు భరించలేని ఇరుగుపొరుగు పిలిచిన పోలీసులు తలుపు తడుతుండగా ఆ టేకు పూర్తయింది. తరువాత మకాం ఖాళీగా ఉన్న గ్రాండ్ హోటలుకు మారింది.

జప్పా కన్నుమూసినది కూడా డిసెంబర్ 4నే, 1993లో, లాస్ ఏంజెలెస్‌లో, 52వ ఏట. అది సాయంత్రం ఆరింటికి కాస్త ముందు. మనకు అప్పటికే ఆదివారం తెల్లవారింది. డీప్ పర్పుల్‌లో 1975లో గిటారిస్టుగా చేరిన టామీ బోలిన్ మియామీలో చనిపోయినది 1976 డిసెంబర్ 4, ఇరవై అయిదేళ్లకే. ఈ మూడు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టడం దిగులు పుట్టించింది కాని, వరుస మార్చలేదు. జప్పాకు ‘పీచెస్ ఎన్ రిగాలియా’, తరువాత ‘స్మోక్ ఆన్ ది వాటర్’, బోలిన్ వాయించిన ‘గెటిన్ టైటర్’.

చివరిది బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్లిన్. డ్రమ్మరు జాన్ బోనమ్ 1980 సెప్టెంబరులో చనిపోగా, ఇక తాము కొనసాగలేమన్న ప్రకటనను డిసెంబర్ 4న విడుదల చేశారు. ప్రకటనకు పాట ఉండదు కనుక ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ ఎంచుకున్నాను. పాత బంగళా నడవలో డ్రమ్ములు పెట్టి, మైకులను పై అంతస్తు నుంచి వేలాడదీసి పట్టిన ఆ మోత క్యాసెట్‌లో కాస్త అణిగింది. లెవెల్ ముల్లు ఎరుపులోకి పోకుండా ఒక గీత తగ్గించి మళ్లీ ఎక్కించాలి.

ఇప్పటికి రెండవ వైపు ఇరవై నిమిషాలు నిండింది, ఇరవై అయిదు మిగిలింది. హిల్‌మన్ పుట్టిన రోజునే పుట్టిన బీచ్ బాయ్స్ డ్రమ్మరు డెనిస్ విల్సన్ పాట ఒకటి అనుకుంటున్నాను. 1969లో ఇదే తేదీన పుట్టిన ర్యాప్ గాయకుడు జే-జీ సంగతి మా అబ్బాయికి అప్పగించాను, ఏ పాట పెట్టాలో అతనే చెప్పాలి. చెరిగిపోకుండా విరిచేసే వెనుక ట్యాబులు రెండూ ఇంకా విరవలేదు.